పార్కింగ్‌లో నా కారు రాసుకుందని ఎవరో మెసేజ్, డబ్బులిచ్చెయ్యాలా?

నాలుగోగేరు: నిన్న పార్కింగ్‌లోంచి కారు తీసుకుని ఇంటికొచ్చిన రెండు గంటలకి తెలియని నంబర్ నుంచి మెసేజ్. డాష్‌బోర్డు మీద పెట్టుకున్న నా నంబర్ చూశాడట, మీ బండి నా వెనక డోరుకి రాసుకుంది అని ఫొటోలు పెట్టాడు. గీతా, చిన్న సొట్టా ఉన్నాయి. నా బంపర్ మూల కూడా ఓ గీత ఉంది గానీ అది పాతదే అనుకుంటున్నా. కంగారులో "సారీ అండీ, చూస్తాను" అని పెట్టేశా. ఇప్పుడు ఖర్చు మొత్తం ఇవాళే పంపమంటున్నాడు, ఇన్సూరెన్స్ ఎందుకు మనలో మనం చూసుకుందాం అంటున్నాడు.

ఎర్రహారన్: సారీ ఎందుకన్నావ్ బ్రో. పోయింది కేసు.

గ్యారేజీబాబాయ్: ముందు నేల నుంచి గీత ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలవండి, ఆయన్నీ కొలిచి ఫొటో పెట్టమనండి. కాస్త తేడా వస్తే పట్టించుకోవద్దు, బ్రేకేస్తే బండి ముక్కు కిందకి దిగుద్ది, వెనక జనం ఎక్కితే వెనక దిగుద్ది. తర్వాత రంగు. రాసుకుంటే చాలాసార్లు ఒకదాని రంగు ఇంకోదానికి అంటుద్ది. ఆయన డోరు రేకు కాబట్టి గీతలో ముదురు తుప్పుంటే అది నిన్నటిది కాదు. మీ ప్లాస్టిక్ బంపరుకి తుప్పు రాదు, అందుకని గీతలో పాత పాలిష్ తెల్లగా ఇరుక్కుందేమో చూడండి. ఈలోపు కడగొద్దు, రుద్దొద్దు.

ఎర్రహారన్: ఈ కొలతలన్నీ ఎందుకు, బ్లాక్ కొట్టెయ్. రుజువు చూపించాల్సింది అడిగేవాడు.

వెనకసీటు: నా కారు అద్దం విరగ్గొట్టి వెళ్ళిపోయినవాడూ ఇదే చేశాడండీ. నంబర్ సంపాదించి ఫోన్ చేస్తే బ్లాక్. ఆ అద్దం నేనే వేయించుకున్నా.

ఎర్రహారన్: మీ అద్దానికీ ఈయన బంపరుకీ ఏంటి సంబంధం? నేను ఇలాగే పాపం అని ఒకడికి డబ్బులిచ్చా, పది రోజులకి లోపల డోరు లాక్ కూడా పోయిందని ఇంకో బిల్లు పట్టుకొచ్చాడు.

గ్యారేజీబాబాయ్: ఇచ్చేటప్పుడు ఇంకేమీ అడగనని రాయించుకోవాలి. సరే అది వేరే సంగతి, ఎత్తు కొలిచారా?

నాలుగోగేరు: నాది 52 సెంటీమీటర్లు. ఆయనది 60 అంటున్నాడు.

ఎర్రహారన్: కలవలేదు. క్లోజ్.

గ్యారేజీబాబాయ్: ఎలా క్లోజ్? గీత పై అంచు కొలిచాడా కింది అంచా? టేపు నిలువుగా పెట్టాడా, డోరు వంపు మీదుగా పాకించాడా? నేల వాలుగా ఉంటే?

గీతలరాణి: 8 సెంటీమీటర్ల కోసం కొట్టుకు చచ్చేలా ఉన్నారే

చిన్నక్లచ్: అవన్నీ తర్వాత, ముందు పార్కింగ్ వాళ్ళకి ఫుటేజీ చెరిపెయ్యొద్దని మెయిల్ పెట్టండి. సీసీటీవీలో పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది, డాష్‌క్యామ్ ఉంటే దాని కార్డూ అంతే, తీసి దాచండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పడమూ క్లెయిమ్ వెయ్యడమూ ఒకటి కాదు. చాలా పాలసీల్లో వాళ్ళనడక్కుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బిస్తానని మాటివ్వకూడదు అని ఉంటుంది, మీది చదువుకోండి.

వెనకసీటు: అందరూ ఎలా తప్పించుకోవాలో చెప్తున్నారు గానీ తగిలిందా లేదా అని ఒక్కరూ అడగరే?

ఎర్రహారన్: తగల్లేదని ఆయనే అన్నాడుగా!

వెనకసీటు: ఎక్కడన్నాడు? పైకెళ్ళి చదవండి. "పాతదే అనుకుంటున్నా" అన్నాడు.

ఎర్రహారన్: ఓహో, మీరు లాయరా? మీ అద్దం డబ్బులు ఈయన దగ్గర వసూలు చేద్దామనా?

వెనకసీటు: మీ డోరు లాక్ కోపం ఆ రెండో ఆయన మీద మీరు తీర్చుకోవట్లేదా?

నాలుగోగేరు: ఆగండి. ఆవిడ అడిగింది కరెక్టే. రివర్స్ తీస్తుంటే సెన్సార్ మోగింది. అది గోడని చూసినా మోగుద్ది, ఆకుని చూసినా మోగుద్ది, అందుకని దిగి చూళ్ళేదు. తగిలిందో లేదో నాకు నిజంగా తెలీదు.

ఎర్రహారన్: తెలీనప్పుడు ఎందుకివ్వాలి?

వెనకసీటు: ఇవ్వమని నేనెప్పుడన్నా? ఆ తెలీదన్న మాటే ఆయనకి చెప్పమంటున్నా. నాకు ఆ రోజు ఆ మాట కూడా దక్కలేదు.

ఎర్రహారన్: సారీకే ఇంత లాగాడు, తెలీదంటే ఇంకా లాగుతాడు. చూస్తూ ఉండండి.

నాలుగోగేరు: ఆయనకి ఇలా పెట్టా: "తగిలినట్టు నాకు అనిపించలేదు, కానీ దిగి చూళ్ళేదు. ఫుటేజీ దాచమని పార్కింగ్ వాళ్ళకి రాశాను. రెండు కార్లూ పక్కపక్కన పెట్టి చూద్దాం. డబ్బు మాట ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడాకే." గంటైంది, చూశాడు, జవాబు లేదు.

ఎర్రహారన్: చెప్పానా!!

వెనకసీటు: గంటకే? ఆయన ఏ పనిలో ఉన్నాడో

నాలుగోగేరు: ఇప్పుడే వచ్చింది. ఆదివారం పొద్దున రమ్మన్నాడు, అదే పార్కింగ్‌కి.

గ్యారేజీబాబాయ్: ఇనుప టేపు పట్టుకెళ్ళండి, కుట్టుపని గుడ్డ టేపు సాగుద్ది.