పింటరెస్ట్‌లో దొరికిన బ్లౌజు డిజైన్ ఎవరిది?

సూదీ_దారం (తెనాలి)

పదకొండేళ్లుగా మగ్గం వర్క్ చేస్తున్నాను. ఇంటి ముందు గదే షాపు, రెండు మగ్గాలు, ఇద్దరు పనివాళ్లు. పోయిన శ్రావణంలో జరిగిన సంగతి ఇంకా మనసులోంచి పోవడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఒకమ్మాయి వచ్చి, పింటరెస్ట్‌లో (నచ్చిన బొమ్మలు దాచుకునే సైటు) సేవ్ చేసుకున్న ఫోటో చూపించింది. "ఆంటీ, అచ్చం ఇలాగే కావాలి. వేరే షాపులో నాలుగు వేలకు చేస్తామన్నారు, మీరెంతకు చేస్తారు?" అంది. చూస్తే అది నా బ్లౌజే. ఆకుపచ్చ రా సిల్కు మీద, వీపు కింది నుంచి మెలికలు తిరుగుతూ మెడ దాకా పాకే తామర తీగ. అది గీయడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. ఫోటో కింద షాపు పేరు వేసుకున్నాను, ఆ ముక్క కత్తిరించేసి ఉంది. ఎవరు కత్తిరించారో తెలియదు. ఆ పిన్ (అక్కడ సేవ్ చేసిన బొమ్మని అలా అంటారు) నొక్కితే ఎక్కడికీ వెళ్లదు.

ఇది నేను చేసిందే అంటే ఆ పిల్ల నమ్మలేదు. అల్మరాలోంచి, డిజైన్ బట్ట మీదికి దించడానికి చిల్లులు పొడిచిన ట్రేసింగ్ పేపరు తీసి ఫోటో పక్కన పెట్టాక నమ్మింది. అప్పుడు కూడా, "అయితే మీకు డిజైన్ రెడీగా ఉంది కదా, ఇంకా తగ్గించండి" అంది. ఆ బ్లౌజుకి నేను మొదట తీసుకున్నది ఏడు వేలు.

నా ప్రశ్న ఇది. పింటరెస్ట్‌లో బొమ్మ కనబడగానే సేవ్ చేసుకుని, ఎవరు చేశారో చూడకుండా ఇంకొకరి చేత కుట్టించుకోవడం తప్పా, కాదా? నా మటుకు నాకు అది తప్పే.

గోదారి_గట్టు

అక్కా, మీ బాధ అర్థమైంది. పేరు కత్తిరించినవాళ్లది ముమ్మాటికీ తప్పు. కానీ సేవ్ చేసుకుని చూపించిన అమ్మాయిని తప్పు పడితే మాత్రం నేను ఒప్పుకోను.

మా అమ్మ కాలంలో టైలరు దగ్గర నూనె మరకల కేటలాగు ఒకటి ఉండేది. పది పన్నెండు మెడలు, అవే చేతులు. అది కాకుండా వేరేది కావాలంటే నోటితో చెప్పాలి. "కొంచెం లోతుగా, మరీ అంత లోతు వద్దు" అని చెబితే టైలరు తనకు తోచింది కుట్టేవాడు. పండగ పూట ఆ బ్లౌజు చూసి అమ్మ ఏడ్చిన రోజు నాకు గుర్తుంది. ఈ రోజు మేం కావలసింది బొమ్మ చూపించి అడగగలుగుతున్నాం.

మా చెల్లి పెళ్లికి పింటరెస్ట్‌లో ఒక బోర్డు (పిన్‌లన్నీ ఒకచోట పెట్టుకునే పేజీ) పెట్టాం. హైదరాబాద్‌లో చెల్లి, కాకినాడలో నేను, మస్కట్‌లో మా మేనత్త, ముగ్గురం అందులోనే పిన్‌లు వేసుకున్నాం. ముహూర్తం బ్లౌజు, పూలజడ, గోరింటాకు, మండపం, చివరికి తాంబూలం సంచులు కూడా. మా అత్తయ్య అంత దూరంలో ఉండి కూడా పెళ్లి పనుల్లో చెయ్యి వేసినట్టే అయింది. అందులో ప్రతి బొమ్మకీ యజమాని ఎవరని వెతుకుతూ కూర్చుంటే ముహూర్తం దాటిపోయేది.

ఇంకో మాట. తీగ మీరు గీశారు, తామర ఎవరిది? లేపాక్షి లతా మండపం స్తంభాల మీది నమూనాలు చీర అంచుల మీదికి ఎక్కి ఎన్నేళ్లయింది? మీ చేతికి ఆ తీగ వచ్చింది కూడా ఎక్కడో చూసే కదా.

సూదీ_దారం

తామర నాది అని నేను అనలేదమ్మా. వీపు మధ్యలో హుక్కుల పట్టీ వస్తుంది. తీగ అక్కడ తెగినట్టు కనబడకూడదు. హుక్కులు పెట్టగానే ఎడమవైపు కాడ కుడివైపు ఆకులోకి సరిగ్గా కలవాలి. మనిషి వంగినా కలిసే ఉండాలి. అందుకు మూడుసార్లు చెరిపి గీశాను. నాది అంటున్నది ఆ కలయికని. లేపాక్షి స్తంభానికి హుక్కులు లేవు కాబట్టి అది అక్కడ దొరకదు.

నాలుగు వేలకు చేస్తానన్న షాపు మీద నాకు కోపం లేదు. వాళ్లకు ఆ నాలుగు రాత్రులు ఖర్చు లేదు, పైగా ఆకుల్లో లోడింగ్ (దారం ఒత్తుగా నింపే కుట్టు) మానేసి చైన్ స్టిచ్‌తో నింపేస్తారు. ఫోటోలో రెండూ ఒకేలా కనబడతాయి. అయినా ధర మాత్రం నేనే ఎక్కువ చెప్పినట్టు అవుతుంది.

డల్లాస్_నుంచి

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, కుట్టుపని గురించి మాట్లాడను. కానీ ఈ గొడవ పింటరెస్ట్ పుట్టినప్పటి నుంచీ ఉంది, కాబట్టి కొంచెం చెప్తాను.

2010 మార్చిలో మొదలైంది. మొదట్లో ఆహ్వానం ఉంటేనే లోపలికి రానిచ్చేవారు. అయినా 2012 జనవరికల్లా ఒక్క అమెరికాలోనే నెలకు కోటి మందికి పైగా వస్తున్నారు. అంత తొందరగా ఆ సంఖ్య దాటిన సైటు అంతకుముందు లేదని అప్పట్లో అందరూ రాశారు. జనం పెరగగానే ఫోటోగ్రాఫర్లు, చేతిపని వాళ్లు సరిగ్గా మీరు అడిగిందే అడిగారు. లాయర్ కూడా అయిన ఒక ఫోటోగ్రాఫర్ నిబంధనలన్నీ చదివి, భయపడి, ఏడుస్తూ తన బోర్డులు తీసేశానని రాసింది. స్థాపకుల్లో ఒకరైన బెన్ సిల్బర్మన్ ఆమెకు స్వయంగా ఫోన్ చేసి మాట్లాడారు. ఆ ఫిబ్రవరిలోనే, తమ సైటులోంచి ఎవరూ పిన్ చేయకుండా ఆపుకునే చిన్న కోడ్ ముక్క ఒకటి ఇచ్చారు. తర్వాత, పిన్ చేసినవాటిని కంపెనీ అమ్ముకోవచ్చన్న మాటను కూడా నిబంధనల్లోంచి తీసేశారు.

ఇప్పుడు నెలకు 50 కోట్ల మందికి పైగా వాడుతున్నారు. పిన్ అంటే అసలు ఒక లింకు, బొమ్మ దాని ముఖం మాత్రమే. సైటు నుంచి నేరుగా పిన్ చేస్తే లింకు వెంట వస్తుంది. మన దగ్గర అలా జరగడం తక్కువ. షాపువాళ్లు ఫోటోను వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు, చూసినవాళ్లు స్క్రీన్‌షాట్ తీస్తారు, అంచులు కత్తిరించి పింటరెస్ట్‌లో ఎక్కిస్తారు. అక్కడితో లింకు పోయింది. ఆ తర్వాత సేవ్ చేసుకున్న వందమందీ పేరు కావాలనుకున్నా కనిపెట్టలేరు. కాబట్టి, అక్కా, మీ దగ్గరకు వచ్చిన అమ్మాయి కన్నా ఆ మొదటి స్క్రీన్‌షాట్ ఎక్కించిన మనిషిదే అసలు తప్పు అంటాను.

నేత_బిడ్డ

మాది పోచంపల్లి దగ్గర పల్లె. పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లు. జీఐ కాపాడేది పేరును. మా నమూనాను బట్ట మీద అచ్చు వేసి "ఇక్కత్ ప్రింట్" అని అమ్మితే ఆపడం కష్టం. మా నాన్న నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి చేసేదాన్ని మిషను నిమిషాల్లో అచ్చేస్తుంది. ఫోన్‌లో చూసేవాళ్లకు రెండూ ఒకే బొమ్మ.

గోదారి_గట్టు గారు, మీకు బొమ్మ వల్ల అడిగే నోరు వచ్చిందన్నారు, నిజమే. మా ఇంట్లో మాత్రం ఆ బొమ్మ వల్లే మగ్గం ఒకటి ఆగిపోయింది. దీన్ని కూడా లెక్కలో వేయండి.

నల్లకోటు_విద్యార్థి

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. మన దేశంలో డిజైన్ల చట్టం, 2000 కింద రిజిస్టర్ చేయించుకుంటే 10 ఏళ్లు రక్షణ, ఇంకో 5 ఏళ్లు పొడిగింపు. కానీ బయటపెట్టక ముందే దరఖాస్తు చేయాలి. ఫోటో స్టేటస్‌లో పెట్టేశాక అది కొత్తది కాదంటారు. రిజిస్టర్ చేయించకుండా అదే డిజైన్‌ని 50కి మించి తయారు చేస్తే కాపీరైట్ కూడా పోతుందని 1957 నాటి కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. 2016లో ఢిల్లీ హైకోర్టు ఒక బట్టల డిజైన్ల కేసులో ఇదే మాట చెప్పింది.

అయితే ఫోటో వేరు. మీరు మీ ఫోన్‌తో తీసుకున్న ఫోటో మీద హక్కు మీదే. కత్తిరించినా మీదే. పింటరెస్ట్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది, ఆ ఫోటో కాపీలన్నీ తీసేయమని అందులో అడగొచ్చు. ఫోటో పోతుంది, డిజైన్ వాడకం మాత్రం ఆగదు.

ముగ్గుల_పుస్తకం

ఇదంతా చదువుతుంటే మా అమ్మ ముగ్గుల పుస్తకం తీసి చూడాలనిపించింది. రెండువందల పేజీల లాంగ్ నోటుబుక్కు, 1980ల నుంచి రాసింది. ధనుర్మాసం వస్తే వీధంతా తిరిగి చూసొచ్చి, చుక్కలు లెక్కపెట్టుకుని గీసుకునేది. ఎవరినీ అనుమతి అడగలేదు. ఎవరూ అడ్డం చెప్పలేదు.

కానీ ప్రతి ముగ్గు పక్కనా ఒక మాట రాసింది. "నూజివీడు అత్తయ్య ముగ్గు, 15 చుక్కలు, 8 వచ్చేవరకు." "పోస్టుమాస్టరు గారి భార్య చూపించింది." "బస్సులో కలిసినావిడ, ఏలూరు." ఒకచోట "నేనే వేశాను" అని రాసి కింద రెండు గీతలు కొట్టుకుంది. అమ్మకి కాపీరైట్ అన్న మాట కూడా తెలియదు.

గోదారి_గట్టు గారూ, మీ బోర్డులో కూడా పిన్ కింద నోట్ రాసుకునే చోటు ఉంటుంది. ఒక్క మాట రాయడానికి ముహూర్తం దాటిపోదండి.

గోదారి_గట్టు

ఆ మాట నన్ను తాకింది. రాత్రి చెల్లి బోర్డు మొత్తం తెరిచి చూశాను. 212 పిన్‌లు. ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోయాను. అసలు చోటుకి తీసుకెళ్లినవి 37. మిగతావి ఎక్కడికీ వెళ్లలేదు, లేదా సంబంధం లేని అమ్మకాల పేజీకి వెళ్లాయి. చెల్లి ముహూర్తం బ్లౌజు కూడా ఆ మిగతావాటిలోనే ఉంది. ఆ నెమళ్లు ఎవరు గీశారో మాకు తెలియదు. ఆ బ్లౌజులో తీసిన ఫోటోని మేం ఇంట్లో ఫ్రేము కట్టి పెట్టుకున్నాం.

అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. తెలియనప్పుడు ఏం చేయాలి? పేరు దొరకని డిజైన్ కుట్టించుకోవద్దంటే సగం మంది ఆడపిల్లలు మళ్లీ ఆ నూనె మరకల కేటలాగు దగ్గరకే పోవాలి. కుట్టేవాళ్లకే తెలుస్తుంది కదా, ఇది ఫలానావాళ్ల పని అని. వాళ్లు చెప్పొచ్చుగా?

ఆరీ_సూది

అన్నీ చదివాను. నేను మగ్గం మీద కూర్చునే మనిషిని. పద్నాలుగేళ్ల నుంచి ఇదే పని, మూడు ఊళ్లలో చేశాను.

ముందు గోదారి_గట్టు మేడమ్‌కి జవాబు. కుట్టేవాళ్లకి చాలాసార్లు తెలుస్తుంది. కుందన్ చుట్టూ జర్దోసీ ఎలా తిప్పారో చూస్తే ఏ ఊరి చెయ్యో చెప్పగలం. కానీ ఈ మధ్య కొన్ని బొమ్మలు మనిషి చేసినవే కాదు. ఏఐ బొమ్మలు తెస్తున్నారు. బ్లౌజుకి ముందు హుక్కులుండవు, వెనక హుక్కులుండవు, తల ఎక్కడి నుంచి దూరుతుందో తెలియదు. ముత్యాలు బట్టకి అంటుకోకుండా గాల్లో ఉంటాయి. పింటరెస్ట్ 2025 నుంచి అలాంటి వాటికి గుర్తు వేస్తోంది గానీ అన్నిటికీ పడటం లేదు. అచ్చం అలాగే రాలేదని కస్టమర్ డబ్బు ఆపేస్తే, ఓనరు నా కూలీలో కోస్తారు.

ఇప్పుడు సూదీ_దారం అక్కని ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మీ ఫోటో కింద షాపు పేరు వేసుకున్నారు. ఆ తామర తీగని వంగి కూర్చుని కుట్టినవాళ్ల పేరు ఉందా?

సూదీ_దారం

నిన్నంతా ఏం రాయాలో తెలియక ఆగాను, తమ్ముడూ.

లేదు. పేరు వేయలేదు. వేయాలన్న ఆలోచన కూడా ఈ పదకొండేళ్లలో రాలేదు. ఆ బ్లౌజు కుట్టింది మా దగ్గర ఆరేళ్లుగా ఉన్న అబ్బాయి, బెంగాల్ నుంచి వచ్చాడు. గీత నాది, నిజం. కానీ మెడ దగ్గర మొగ్గకి నేను గీసినట్టు కాకుండా రెండు రంగుల దారం కలిపి నీడ తెచ్చింది అతను. ఫోటోలో అందరూ మెచ్చుకునేది ఆ మొగ్గనే. నేను డబ్బు ఇచ్చాను కదా అనుకున్నాను. నాలుగు వేల షాపుకి డబ్బిచ్చే అమ్మాయి కూడా అలాగే అనుకుంటుంది కాబోలు.

ఈ ఉదయం అతన్ని అడిగాను, "ఇక నుంచి ఫోటో కింద నీ పేరు కూడా వేస్తాను, సరేనా?" అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఊళ్లో వాళ్లమ్మకి పంపడానికి ఆ పాత ఫోటో కూడా పేరుతో ఒకటి ఇమ్మన్నాడు.

ఆరీ_సూది

మంచి పని చేశారు అక్కా. కానీ ఒకటి ఆలోచించుకోండి. పేరు బయట పడితే రేపు పెద్ద షాపువాళ్లు అతన్ని ఎక్కువ జీతానికి పిలుస్తారు. మా ఓనర్లు మా పేర్లు వేయనిది అందుకే, మాకు ఆ సంగతి తెలుసు.

సూదీ_దారం

ఆ భయం నాకూ ఉంది. రాత్రి మావారు కూడా అదే అన్నారు. పోతే ఆరేళ్ల చెయ్యి పోతుంది, పెళ్లిళ్ల సీజను ముందుంది. అయినా సంక్రాంతికి చేస్తున్న మొదటి బ్లౌజు ఫోటో కింద రెండు పేర్లూ వేస్తున్నాను. ఈసారి అంచున కాదు, కత్తిరిస్తే తీగ కూడా తెగేలాగా మధ్యలో.