‘అప్రమేయం’ అంటే డిఫాల్టేనా? మైన్‌క్రాఫ్ట్ సర్వర్ కాగితం దగ్గర వచ్చిన పేచీ

బలపం:
మా అక్క పిల్లలూ బాబాయి మనవలూ కలిసి మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటకి (దాని జావా రకానికి) సర్వర్ ఒకటి నడుపుకుంటున్నారు. ఇద్దరు హైదరాబాదు, ఒకడు విశాఖ, ఒక పిల్ల డాలస్. దాని పెత్తనం నా నెత్తిన పడింది. రోజూ ఎవరో ఒకరు ఏదో ఒక సెట్టింగ్ మార్చమంటారు, ఇంకొకరు ఎందుకు మార్చావంటారు. అందుకని తెలుగులో ఒక కాగితం రాస్తున్నా. సెట్టింగ్ పేరు, అదేం చేస్తుంది, దాని ‘డిఫాల్ట్’, అంటే మనం ముట్టుకోకముందు ఉండే విలువ, ఎంత. ఈ మూడో గడికి తెలుగు పేరు దగ్గర ఆగిపోయా. తెలుగు వికీపీడియాలో, తెలుగులోకి తెచ్చిన కొన్ని సాఫ్ట్‌వేర్లలో ‘అప్రమేయం’ అని చూశాను. నాకు ఆ మాట విష్ణు సహస్రనామంలో ‘అప్రమేయో హృషీకేశః’ దగ్గరే తెలుసు. కొలతకి అందనివాడు అని అర్థం. కొలతకి అందనిదాని గడిలో 3 అనీ 100 అనీ అంకెలు ఎలా వేసేది?

పాతపుస్తకం:
మీ అనుమానం సంస్కృతం వైపు నుంచి సరైనదే. ‘మా’ ధాతువుకి కొలవడం అని అర్థం. ప్రమాణం, ప్రమేయం రెండూ అక్కడివే. న్యాయ దర్శనం చెప్పే 16 పదార్థాల్లో మొదటిది ప్రమాణం, రెండోది ప్రమేయం. దేనితో తెలుసుకుంటామో అది ప్రమాణం, ఏది తెలుసుకుంటామో అది ప్రమేయం. కన్నడంలో, హిందీలో రేఖాగణిత సిద్ధాంతాన్ని ప్రమేయం అనే అంటారు.
కానీ తెలుగులో ఈ మాట దారి మారింది. ‘ఈ గొడవలో నా ప్రమేయం ఏమీ లేదు’ అంటాం. అంటే నా చెయ్యి లేదని. ఈ తెలుగు ప్రమేయానికి ముందు ‘అ’ పెట్టి చూడండి. ఎవరూ చెయ్యి పెట్టకుండా దానంతటదే ఉన్నది. డిఫాల్ట్ అంటే అదేగా! వేషం సంస్కృతానిది, అర్థం మన వాడుకది. నా మటుకు నాకు ఈ మాట బాగానే ఉంది.

రాత్రిబస్సు:
మాస్టారూ, ‘ఎవరూ చెయ్యి పెట్టకుండా’ అనే దగ్గరే నా పేచీ. సర్వర్ని మొదటిసారి నడిపితే సర్వర్ ప్రాపర్టీస్ అనే ఫైలు పుడుతుంది. అందులో డిఫికల్టీ ఈజీ అని ఉంటుంది. అదే ఆటలో ఒక్కరే కూర్చుని కొత్త లోకం తెరిస్తే నార్మల్. రాండమ్ టిక్ స్పీడ్, అంటే పంటలు పెరగడం, ఆకులు రాలడం లాంటివి ఎంత తొందరగా జరగాలో చెప్పే అంకె, జావాలో 3, ఫోన్లలో ఆడే బెడ్‌రాక్‌లో 1. ఇవి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఈ ఆట తయారుచేసిన స్టాక్‌హోమ్ మొజాంగ్ కంపెనీ వాళ్లు ఆలోచించి పెట్టినవి. మన ప్రమేయం లేదు, వాళ్ల ప్రమేయం నిండా ఉంది. ‘అప్రమేయం’ అంటే అది ప్రకృతి సిద్ధం అన్నట్టు వినిపిస్తుంది. పిల్లలు మార్చడానికి జంకుతారు.

చిల్లరకొట్టు:
నేను బ్యాంకు మనిషిని. మాకు డిఫాల్ట్ అంటే ఎగవేత. ‘డిఫాల్ట్ మార్చేశాం’ అని మా ఆఫీసులో అంటే ఆడిట్ వాళ్లొస్తారు. 😄

దొడ్డబళ్లాపురం_తెలుగు:
సంబంధం లేని ముచ్చట ఒకటి. చెన్నపట్టణ దగ్గర దొడ్డమళూరులో అప్రమేయ స్వామి గుడి ఉంది. మైసూరు వెళ్లే దారే, ఆగి చూడండి. అంబెగాలు కృష్ణుడు కూడా అక్కడే. ఇక నుంచి ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు సెట్టింగులే గుర్తొస్తాయి, అంతా మీ పుణ్యం.

బలపం:
మాస్టారి వివరణ చదివాక ఆ మాట మీద గౌరవం పెరిగింది. అయినా పిల్లల మీద ప్రయోగించి చూద్దామని డాలస్ పిల్లకి కాగితం పంపా. అది కూడబలుక్కుని ‘అప్రమత్తం 100’ అని చదివింది. పోలీసులేమైనా వస్తున్నారా మామా అని అడిగింది.
ఆ 100 ప్లేయర్స్ స్లీపింగ్ పర్సెంటేజ్ ది. 2021లో ఆట 1.17 వెర్షన్‌తో వచ్చిన రూలు. 100 ఉంటే ఆ సమయానికి పై లోకంలో ఆడుతున్న అందరూ మంచం ఎక్కితేనే తెల్లారుతుంది. ఒకడు గనిలో తవ్వుకుంటూ ‘రాను పో’ అన్నాడా, మిగతావాళ్లంతా జాగారమే. మా వాళ్ల కొట్లాటల్లో సగం దీనివే. 50 చేశా. సున్నా పెట్టినా ఒక్కరైనా పడుకోవాల్సిందే.
ఇంకో చిక్కు, కీప్ ఇన్వెంటరీ. ‘చచ్చిపోతే సామాన్లు పోవు’ అని రాస్తే మా అమ్మ పడనివ్వలేదు. పిల్లల కాగితంలో ఆ మాటలేంటి అంది. వాళ్లేమో రోజుకి పదిసార్లు ‘నేను చచ్చిపోయా’ అని అరుస్తూనే ఉంటారు.

అత్తిసూన్:
‘ప్రాణం పోయినా మూట పోదు’ అని రాయండి. ఇన్వెంటరీకి ‘మూట’ ఎంత బాగుందో! ఆఫ్‌లో ఉంటే మూట అక్కడే చెల్లాచెదురుగా పడుతుంది, ఐదు నిమిషాల్లో వెళ్లి ఏరుకోకపోతే మాయం. ఆ చుట్టుపక్కల ఎవరూ లేనంతసేపూ ఆ ఐదు నిమిషాల లెక్క ఆగి ఉంటుందని కూడా ఒక ముక్క రాయండి, పిల్లలకి టెన్షన్ తగ్గుతుంది.
మాబ్ గ్రీఫింగ్‌కి, అంటే ఆటలోని జీవాలు లోకంలో వస్తువుల్ని కదపొచ్చా, పాడుచేయొచ్చా అనే రూలుకి, నా ఓటు ‘ఆగడాలు’. క్రీపర్ వచ్చి గోడ పేల్చడం ఆగడం కాక మరేంటి? కానీ జాగ్రత్త, అది ఆఫ్ చేస్తే ఊళ్లో రైతులు కూడా పంట కోయడం మానేస్తారు. కింద పడిన తిండి ఏరుకోరు. వాళ్ల సంతతీ ఆగిపోతుంది. ‘గోడలు భద్రం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే రేపు మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

రాత్రిబస్సు:
‘ఆగడాలు’ సూపర్. మూడో గడి పేరుకి నా మాట: ‘మార్చకపోతే’. ‘మార్చకపోతే: 100’. ఎవరు పెట్టారో ఎందుకు పెట్టారో ఆ గోలే లేదు.

పాతపుస్తకం:
గడి పేరుగా బాగుంది తమ్ముడూ, ఒప్పుకుంటా. కానీ వాక్యంలో పెట్టు చూద్దాం. ‘అప్రమేయ విలువ 100’ అనగలను. ‘మార్చకపోతే విలువ’ అనలేను. ‘దీన్ని మార్చకపోతేకి తీసుకురా’ అని అసలే అనలేను. నామవాచకం కావలసిన చోట క్రియ నిలబడదు.

అత్తిసూన్:
అక్కడికి ‘మొదటికి’ ఉందిగా మాస్టారూ! కథ మొదటికొచ్చింది అంటాం. ‘సెట్టింగ్ మొదటికి తేవాలి.’ గడి పేరు ‘మార్చకపోతే’, వెనక్కి తిప్పడానికి ‘మొదటికి’. ఒకే ఇంగ్లీషు మాటకి తెలుగులో ఒకటే మాట ఉండాలని ఎక్కడా లేదు.

పాతపుస్తకం:
పిల్లల కాగితానికి సరే. సాఫ్ట్‌వేర్ తెలుగు చేసేవాళ్లకి మాత్రం ‘అప్రమేయం’ ఉండనివ్వండి. పదేళ్లు వాడితే అదీ నోటికి పడుతుంది.

బలపం:
‘మార్చకపోతే’ ఖాయం చేశా. ఈ గడి ఎందుకంటే, ఆటలో గేమ్‌రూల్ అని కొట్టి రూలు పేరు రాస్తే ఇప్పుడు ఎంత ఉందో చెబుతుంది, మొదట ఎంత ఉండేదో చెప్పదు. ఇంకొక్కటి అడగాలి. స్పాన్ ప్రొటెక్షన్, అంటే ఆటగాళ్లు మొదట పుట్టే చోటుకి కాపలా, దాని దగ్గర 16 అని ఉంది. అంటే 16 గడుల చదరమా?

రాత్రిబస్సు:
కాదండీ. మధ్య గడి నుంచి నాలుగు వైపులా 16. మొత్తం 33కి 33. ఆ చదరంలో ఆపరేటర్ హోదా, అంటే సర్వర్ పెత్తనం, ఉన్నవాళ్లు తప్ప ఎవరూ ఇటుక కదపలేరు. సర్వర్‌లో ఆపరేటర్ ఒక్కరూ లేకపోతే ఆ కాపలా పనిచెయ్యదు. ఇది గేమ్‌రూల్ కాదు, సర్వర్ ప్రాపర్టీస్‌లోది. కాబట్టి మార్చాక సర్వర్ ఆపి మళ్లీ నడపాలి. ‘పుట్టుచోటు కాపలా, మార్చకపోతే: 16’ అని రాసుకోండి.