ఐడియాలు చెప్పమంటే ఇద్దరే మాట్లాడుతున్నారు, మిగతా పిల్లల బుర్రలు కదిలించేదెలా?

పల్నాడు_టీచర్: ఎనిమిదో తరగతి వాళ్లకి సైన్స్ ప్రాజెక్టుకి ఏం చేద్దాంరా అంటే ముందు బెంచీ వాళ్లిద్దరే చెప్తారు, మిగతావాళ్లు వాళ్ల మొహాలు చూస్తా కూర్చుంటారు. మీరు చేయించి చూసినవి ఏమన్నా ఉంటే చెప్పండి.

డిజైన్_పిల్లోడు: మేడం, ముందు నోటితో చెప్పించడం ఆపండి, రాయించండి. మా ఆఫీసులో 6-3-5 అని చేస్తాం, 1968లో జర్మనీలో బెర్న్ట్ రోర్‌బాక్ అనే ఆయన పెట్టిన పద్ధతి. ఆరుగురు కూర్చుని ఒక్కొక్కరు 5 నిమిషాల్లో మూడేసి ఐడియాలు రాసి కాగితం పక్కోళ్లకిస్తారు, వాళ్లు అవి చదివి దాని కింద ఇంకో మూడు రాస్తారు, అలా ఆరు రౌండ్లు తిరిగేసరికి అరగంటలో 108. చాలావరకు పనికిరానివే ఉంటాయి, కానీ మాట్లాడని మనిషి రాసిందే చివరికి నిలబడ్డం నేను చాలాసార్లు చూశాను.

కరీంనగర్_లెక్చరర్: అవును. 1958లోనే యేల్ యూనివర్సిటీలో చూసిన్రు, నలుగురు కలిసి కూసొని చెప్పినవాటి కంటే నలుగురు ఎవరికి వాళ్లు రాసినవి కలిపితేనే ఎక్కువొచ్చినయి. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినోళ్లు ఆగాలె కదా, ఆ లోపల తట్టింది మర్చిపోతరు.

పల్నాడు_టీచర్: బాగుందండీ, కానీ నా క్లాసులో యాభై మంది, పీరియడ్ ముప్పావు గంట.

డిజైన్_పిల్లోడు: బెంచీకి ముగ్గురు చాలు మేడం, మూడు రౌండ్లు తిప్పండి, పావుగంటలో అయిపోద్ది.

పద్యాల_పిచ్చి: మన అవధానంలోనే ఇవన్నీ ఉన్నాయండీ! దత్తపదిలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసేవాడు, సంబంధం లేని నాలుగు మాటలిచ్చి అవన్నీ వచ్చేలా ఫలానా విషయం మీద పద్యం చెప్పమంటాడు, చిక్కు పడేకొద్దీ బుర్ర కొత్త దారి వెతుకుతుంది. నేను పిల్లల్ని పద్యం బదులు ఆ మాటలతో ఏదైనా కొత్త వస్తువు ఊహించమంటాను. చీపురు, వాన, బస్సు టికెట్ ఇస్తే ఒక అమ్మాయి ఏం చెప్పిందో తెలుసా, కండక్టర్ టికెట్ మెషీన్ మీద చీపురు బొమ్మతో ఒక బటన్ ఉండాలంట, వానకి ఏ సీటు మీద కారుతుందో ఆ నంబరు నొక్కితే డిపోకి తెలియాలంట. ఎంత ముచ్చటేసిందో! ఇక నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కో అక్షరం వాడొద్దంటాడు కదా, అలాగే ఒక్కోటి కాదంటూ పోండి, కరెంటు వద్దు, ప్లాస్టిక్ వద్దు, అక్కడే అసలు మజా.

కరీంనగర్_లెక్చరర్: ఇది మస్తుంది అన్నా, రేపే చేపిస్త. ఒకటి మాత్రం, రాసేటప్పుడు ఎవరిదీ బాలేదనొద్దు. ఇట్ల నలుగురు కూసొని ఐడియాలు తీసే బ్రెయిన్‌స్టార్మింగ్‌కి ఆ పేరు తెచ్చిన అలెక్స్ ఆస్బోర్న్ పెట్టిన రూల్సుల ఇది ముఖ్యమైనది. మంచి చెడ్డ ఏరుడు తెల్లారి పెట్టుకోండ్రి.

పల్నాడు_టీచర్: సోమవారం దత్తపదితోనే మొదలుపెడతా. కాగితాల మీద పేర్లు రాయించాలా?

డిజైన్_పిల్లోడు: వద్దు మేడం, పేరుంటే ఫస్ట్ ర్యాంకర్ రాసిందానికే అందరూ టిక్కు పెడతారు.