8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్: పప్పీనా, ఫుల్ ఇన్‌స్టాలా?

టవర్‌క్లాక్ తమ్ముడు (అనంతపురం)
అన్నా, మా అక్క వాడి పక్కన పడేసిన ల్యాప్‌టాప్ ఒకటుంది. 2 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్ పోయింది. బ్యాటరీ కూడా అంతే, వైరు కదిలితే ఆరిపోతుంది. పీడీఎఫ్‌లు చదువుకోవాల, తెలుగులో నోట్స్ కొట్టుకోవాల, ఇంకేం వద్దు. చేతిలో 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంది. రూమ్మేటు పప్పీ (పాత మిషన్ల కోసం చేసిన చిన్న లినక్స్) పెట్టమంటాడు, క్లాసులో ఇంకోడు డెబియన్‌నే (మామూలు పెద్ద లినక్స్) పూర్తిగా ఎక్కించమంటాడు. ఎవరి మాట వినాల?

బురుజు పక్క సందు (కర్నూలు)
డెబియన్. పప్పీలో మామూలుగా అన్నీ రూట్ యూజర్‌గానే, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతోనే నడుస్తాయి, అది నాకు మింగుడుపడదు. పైగా సిస్టమ్‌నంతా ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. ఉండే 2 జీబీలో అదే కొంత తినేస్తే బ్రౌజర్‌కేం మిగులుతుంది?

పాత సామాన్ల షాపు (కడప)
ఏమప్పా, నువ్వు పెన్‌డ్రైవ్ మీద డెబియన్ ఎప్పుడన్నా వాడినావా? నేను పోయినేడు చేసి చూసినా. అక్షరం కొడితే కాసేపాగి కనపడేది. పెన్‌డ్రైవ్ ముట్టుకుంటే వేడి. సిస్టమ్ రాసుకునే లాగ్‌లు, బ్రౌజర్ దాచుకునే క్యాషే, అన్నీ చిన్న చిన్న రాతలు. ఫ్లాష్‌లో కొంచెం మార్చాలన్నా ఒక బ్లాకు మొత్తం చెరిపి రాయాల, చవక పెన్‌డ్రైవ్ అక్కడే చతికిలబడతాది. నోఎటైమ్ (ఫైలు చదివిన టైము రాయకుండా ఆపేది) పెట్టినా, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కును వాడుకునేది) తీసేసినా, కొంచెమే మేలు. 8 జీబీ అని రాసింటారు గానీ సిస్టమ్ చూపించేది 7.4. డెస్క్‌టాపు, ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఎక్కించినాక పీడీఎఫ్‌లు యాడ పెడతాడు ఆ పిల్లోడు?

పప్పీ 2003 నుంచీ ఇట్లాంటి మిషన్ల కోసమే ఉండాది. ర్యామ్ చాలకపోతే పీఫిక్స్ నోకాపీ అని బూట్ ఆప్షన్ ఇస్తే సిస్టమ్ పెన్‌డ్రైవ్‌లోనే ఉంటాది. రూట్ సంగతి ఒప్పుకుంటా. బ్యాంకు పనులు దాంట్లో చెయ్యద్దు తమ్ముడూ.

బురుజు పక్క సందు (కర్నూలు)
సరే, మరి కరెంటు? బ్యాటరీ లేదన్నాడు గదా. పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు పప్పీ చేసిన పనిని ర్యామ్‌లో ఉంచుకుని, అప్పుడప్పుడు మాత్రమే పెన్‌డ్రైవ్‌లోని సేవ్ ఫైల్లోకి దించుతుంది, మామూలుగా అరగంటకోసారి. ఇరవై తొమ్మిదో నిమిషంలో కరెంటు పోతే? డెబియన్‌లో సేవ్ కొట్టిన ఫైలు డిస్కులోకే పోతుంది, దాని ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4కు జర్నల్ (మధ్యలో ఆగిపోతే సరిచేసుకునే చిట్టా) కూడా ఉంది.

పాత సామాన్ల షాపు (కడప)
ఇది మాత్రం నిజమే. డెస్క్‌టాప్ మీద సేవ్ బొమ్మ ఉంటాది, పేజీ అయినప్పుడల్లా నొక్కాల. నోట్స్ ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది, కాపీ అయినాక అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి) తియ్యాల. ఒకే పెన్‌డ్రైవ్‌లో ప్రాణమంతా పెట్టేది ఏ లినక్స్‌కైనా తప్పే.

టవర్‌క్లాక్ తమ్ముడు (అనంతపురం)
పప్పీ పెట్టినా. మొదట తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా కనిపించింది, నోటో తెలుగు ఫాంటు తెచ్చి ఫాంట్ల ఫోల్డర్లో వేస్తే సరిపోయింది. కీబోర్డ్ సెట్టింగులో తెలుగు ఎంచుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరిక వచ్చింది. నిన్న రాత్రి ఎనిమిదికి కరెంటు పోనే పోయింది. సేవ్ నొక్కి పది నిమిషాలైంటాది, నాలుగు లైన్లు పోయినాయి.

బురుజు పక్క సందు (కర్నూలు)
నేనేం చెప్పినా?

పాత సామాన్ల షాపు (కడప)
నాలుగు లైన్లేలే అప్పా, మళ్లీ రాసుకుంటాడు.