జూలియాలో ముందు శుభ్రమా, ముందు స్పీడా?

తెనాలి_లూప్:
నేను బెంగళూరులో, బెళ్లందూరు వైపు ఒక చిన్న కంపెనీలో చేస్తున్నా. లోహపు పలకలో వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టే సిమ్యులేషన్ నాది. 1000 బై 1000 గ్రిడ్, 10,000 టైమ్ స్టెప్పులు. మొత్తం జూలియా ప్రోగ్రామింగ్ భాషలో ఒకే ఫైల్, 900 లైన్లు, ఫంక్షన్ (పేరు పెట్టి పిలవగలిగే కోడ్ ముక్క) అన్నదే లేదు. సాయంత్రం రన్ పెట్టి పీజీకి వెళ్తే తెల్లారేసరికి అవుతుంది. మా లీడ్ "ముందు దీన్ని ఫంక్షన్లుగా విడగొట్టు, స్పీడ్ సంగతి తర్వాత" అంటున్నారు. విడగొడితే కాల్స్ పెరిగి ఇంకా స్లో అవుతుందని నా భయం. శుభ్రమైన కోడ్, వేగం ఒకే ఒరలో ఇమిడే కత్తులేనా? మీరేమంటారు?

వైట్‌ఫీల్డ్_వదిన:
విడగొట్టు తమ్ముడూ. శుభ్రం కోసం కాదు, స్పీడ్ కోసమే! ఫంక్షన్ బయట, టైప్ (ఏ రకం డేటా అన్నది) చెప్పకుండా పెట్టిన ప్రతిదీ గ్లోబల్, ఎక్కడినుంచైనా మార్చొచ్చు. అందులో ఇప్పుడు అంకె ఉండొచ్చు, మరు నిమిషంలో స్ట్రింగ్ రావచ్చు. అందుకని ప్రతి కూడిక దగ్గరా ఇది ఏ టైపో చూసుకోక తప్పదు. "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కాస్త సర్దుకో) అంటే, కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ వినదు. అదే గ్రిడ్‌ని ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్‌గా పంపు, ఆ టైప్‌కి తగ్గ మెషీన్ కోడ్ ఒకసారి తయారుచేసుకుని దాన్నే వాడుకుంటుంది. కాల్స్ గురించి టెన్షన్ వద్దు, చిన్న ఫంక్షన్లని చాలావరకు అదే ఇన్‌లైన్ చేసేస్తుంది, అంటే పిలిచిన చోటే ఆ కోడ్‌ని పెట్టేస్తుంది.

పాత_ఫోర్ట్రాన్:
విడగొట్టమనే నేనూ అంటాను. కానీ బాబూ, మీ లూప్‌లో లోపల తిరిగేది అడ్డవరుస సంఖ్యా, నిలువువరుస సంఖ్యా? అది ముందు చూడండి. పాత భాష ఫోర్ట్రాన్‌లాగే జూలియా కూడా మాట్రిక్స్‌ని నిలువువరుసల వారీగా మెమరీలో పేరుస్తుంది. లోపలి లూప్‌లో అడ్డంగా నడిస్తే ఒక్కో అడుగుకీ 8000 బైట్లు దూకాలి. నందిని పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు ఒక తలుపు దగ్గర వేసి, పక్క తలుపు వదిలేసి పై అంతస్తుకి ఎక్కినట్టు. రెండు లూపుల చోట్లు మార్చండి చాలు. ఇది శుభ్రమూ కాదు, మురికీ కాదు, యంత్రం సంగతి తెలియడం.

ఇంకో మాట. 1957లో ఫోర్ట్రాన్ బయటికొచ్చినప్పుడు జాన్ బ్యాకస్ బృందం భయం కూడా స్పీడే. చేత్తో రాసిన అసెంబ్లీకి (యంత్రానికి బాగా దగ్గరి భాష) దరిదాపుల్లో లేకపోతే దాన్నెవరూ ముట్టరు. మీ జూలియాలో సమీకరణాలు సాధించడానికి బ్యాక్‌స్లాష్ కొట్టినా, మామూలు మాట్రిక్స్ అయితే లోపల చాకిరీ చేసేది మా లాపాకే, ఫోర్ట్రాన్‌లో రాసిన లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీ.

కోరమంగళ_కుర్రాడు:
వదినగారు చెప్పినంత తేలిక కాదు. నేను జావా నుంచి వచ్చాను. వస్తూనే ముద్దుగా ఒక స్ట్రక్ట్ (కొన్ని ఫీల్డులని కలిపే మూట) కట్టాను, ఫీల్డులన్నిటికీ "రియల్" అని పెట్టాను, ఏ అంకె అయినా పడుతుందని. రివ్యూలో అందరూ మెచ్చుకున్నారు. రన్ చేస్తే నత్త నడక. "రియల్" అబ్‌స్ట్రాక్ట్ టైప్, అందులో అసలేముందో కంపైలర్‌కి ముందుగా తెలియదు. అసలు టైప్ ఏదో చెప్పే టైప్ పారామీటర్లు తగిలించాక పరుగెత్తింది, చూడ్డానికి మాత్రం బ్రాకెట్ల అడవి.

తెనాలి బ్రో సంగతే తీసుకుందాం. ప్రతి స్టెప్‌కీ కొత్త గ్రిడ్ తిరిగిచ్చే ఫంక్షన్ రాస్తే చదవడానికి ఎంత హాయి! కానీ ఒక్కో గ్రిడ్ 8 ఎంబీ. 10,000 స్టెప్పులకి 80 జీబీ కేటాయించి పారేసినట్టు. పారేసిన మెమరీని ఏరే గార్బేజ్ కలెక్టర్‌కి చేతినిండా పని. రెండే గ్రిడ్లు పెట్టుకుని మార్చి మార్చి వాడితే 16 ఎంబీతో పోతుంది, కాకపోతే ఏది పాతదో ఏది కొత్తదో మనమే గుర్తుపెట్టుకోవాలి. వేగానికి రేటు కట్టాల్సిందే.

వైట్‌ఫీల్డ్_వదిన:
ఆ రేటు ఉందని ఒప్పుకుంటా. కానీ 900 లైన్లకీ ఎందుకు కట్టాలి? గ్రిడ్‌ని మార్చే ఫంక్షన్ ఒక్కటే, దాని పేరు చివర ఆశ్చర్యార్థకం పెట్టు. "నాకిచ్చినదాన్ని మార్చేస్తాను" అని అర్థం, జూలియాలో అందరూ పాటించే ఆనవాయితీ. మిగతాదంతా హాయిగా రాసుకో. టైపులు ఎక్కడ తేలట్లేదో కోడ్ వార్న్‌టైప్ మాక్రో (కోడ్ ముందు తగిలించే ఆదేశం) ఎర్రగా చూపిస్తుంది. కొలిచేటప్పుడు మొదటి రన్ లెక్కలోకి తీసుకోకు, అందులో కంపైల్ టైమ్ కలిసి ఉంటుంది.

పాత_ఫోర్ట్రాన్:
శుభ్రం అంటే నాకు ముందు గుర్తొచ్చేది పేర్లు. ఫోర్ట్రాన్ 77 ప్రమాణంలో పేరుకి ఆరు అక్షరాలే. ఒకచోట నాకు అప్పగించిన కోడ్‌లో టీఎంపీ1 నుంచి టీఎంపీ9 దాకా ఉన్నాయి. టీఎంపీ అంటే టెంపరేచరనుకుని రెండు వారాలు తిరిగాను. అది "టెంపరరీ" అట.

తెనాలి_లూప్:
శనివారం కూర్చున్నా. ఫంక్షన్లు విడగొట్టా, లూపులు తిరగేశా, రెండు గ్రిడ్లే వాడా. రాత్రంతా పట్టేది, ఇప్పుడు టీ చల్లారేలోపు అయిపోతోంది. ఆత్రం ఆగక ఇన్‌బౌండ్స్ మాక్రో కూడా తగిలించా, అంటే హద్దులు చెక్ చేయొద్దని. అంచు దగ్గర ఒక గడి అవతలికి చదివేస్తున్నానని తెలియలేదు. ఎర్రర్ లేదు, పలక మూలలో మాత్రం సూర్యుడి కంటే ఎక్కువ వేడి! తీసేశా. కోరమంగళ బ్రో, ఆ స్ట్రక్ట్ వద్దులే, నాకు నాలుగు ఆర్గ్యుమెంట్లు చాలు. ఫోర్ట్రాన్ గారూ, నా దాంట్లోనూ ఒక టీఎంపీ2 ఉంది. సోమవారం లీడ్ చూసేలోపు మార్చేస్తా.