కారు ఇంజిన్ కంప్యూటర్ (7ఈ8) నుంచి వచ్చిన జవాబులో ఇంజిన్ వేగం ఎక్కడుంది?

ప్రశ్న (అమలాపురం):
కారు ఓబీడీ సాకెట్‌లోని (బండి లోపాలు పరీక్షించే సాకెట్) 6, 14 పిన్నులకు క్యాన్ (బండిలోని కంప్యూటర్లు సమాచారం పంచుకునే లైను) అడాప్టర్ కలిపి, సెకనుకు 500 కిలోబిట్ల వేగంతో 7డీఎఫ్ (అన్ని కంప్యూటర్లనూ ఒకేసారి అడిగే) చిరునామాకు 02 01 0సీ పంపితే, 7ఈ8 నుంచి 04 41 0సీ 1ఏ ఎఫ్8 అని వచ్చింది. దీన్ని ఎలా చదవాలో దయచేసి వివరించగలరా?

జవాబు (భీమవరం):
04 అంటే వెనక నాలుగు బైట్ల సమాచారం ఉందని అర్థమండి. మీరడిగిన 01కి (ఇప్పటి విలువలు చెప్పమనే కోరిక) హెక్స్‌లో, అంటే 16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో, 40 కలిపితే వచ్చేదే 41. 0సీ ఇంజిన్ వేగానికి గుర్తు. మిగిలిన 1ఏ, ఎఫ్8 దశాంశంలో 26, 248 అవుతాయి కనుక, 26ను 256తో గుణించి, 248 కలిపి, నాలుగుతో భాగిస్తే నిమిషానికి 1726 చుట్లు వస్తాయి. ఊరికే నిలబెట్టిన బండికి ఇది ఎక్కువే. యాక్సిలరేటర్ మీద ఎవరి కాలైనా ఉందా?

ప్రశ్న అడిగినవారు:
ఉందండి, మా కుర్రాడు తొక్కి ఉంచాడు. అయితే ఒక్కోసారి జవాబే రావడం లేదు.

జవాబు (రాజోలు):
బ్యాటరీ విప్పి, ఆ రెండు పిన్నుల మధ్య నిరోధం కొలవండి. లైను రెండు చివరలా 120 ఓముల టెర్మినేటర్లు (లైను కొసన పెట్టే నిరోధకాలు) సమాంతరంగా ఉంటాయి కాబట్టి సాధారణంగా 60 ఓములు చూపాలి. 120 చూపితే ఒకవైపు తెగినట్టే. మన సముద్రపు గాలికి కనెక్టర్లలో చిలుము పడుతుంది, ముందు అక్కడ చూడండి.