కమ్యూనిటీ సంఘం ఎన్నికల్లో పోటీ లేకపోయినా ఓటింగ్ పెట్టవచ్చా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మాది విల్లాల గేటెడ్ కమ్యూనిటీ. క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్, సెక్యూరిటీ అన్నీ చూసే మా సంఘం 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయింది. ఇప్పుడు కమిటీ ఎన్నికలు వచ్చాయి. "మనలో మనకు పోటీ ఎందుకమ్మా, ఏకగ్రీవం చేసుకుందాం" అంటున్నారు పెద్దలు. పంచాయతీల్లో ఏకగ్రీవమైతే ప్రభుత్వమే ప్రోత్సాహకం ఇస్తుంది కదా అని ఉదాహరణ కూడా చెబుతున్నారు.

పోటీ పెడితే ఇరుగుపొరుగు మధ్య మాటలు ఆగిపోతాయన్న భయం నిజమే, కాదనను. కానీ నేను కోశాధికారి పదవికి నామినేషన్ వేస్తే, నన్ను బలపరుస్తూ సంతకం పెట్టిన పక్కింటి ఆంటీకి ఆ రాత్రే వరసగా ఫోన్లు. సంతకం వెనక్కి తీసుకోమని! పాపం, ఆవిడ టెన్షన్‌తో నిద్రే పోలేదు. దీన్ని ఏకగ్రీవం అని ఎలా అంటాం? కార్పస్ ఫండ్ (ఇళ్ల యజమానుల ఉమ్మడి నిధి) లెక్కలు ఎవరూ అడక్కుండానే కమిటీలు మారిపోతున్నాయి, నా బాధంతా అదే.

అభ్యర్థి ఒక్కరే ఉన్నా అవును, కాదు అని రహస్య ఓటు పెట్టేలా బైలాస్ (సంఘం నియమావళి) మార్చుకున్న కమ్యూనిటీలు ఉన్నాయా? జనరల్ బాడీలో ఆ తీర్మానం ఎలా నెగ్గించారు? ఎన్నికల అధికారిగా బయటివాళ్లను పెట్టుకుంటే గొడవలు తగ్గాయా? ఆ సొసైటీల చట్టంలోని సెక్షన్ 23 కింద జిల్లా కోర్టుకు వెళ్లే దారి ఉందని తెలుసు, అంతదాకా పోవాలని లేదు. ఉపసంహరణ గడువు ఎల్లుండి సాయంత్రం, ఈలోపు అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.